మద్యం మానినవారికి ఏది మేలు: ఊళ్లో మీటింగా, ఆన్‌లైన్ మీటింగా, ఆసుపత్రి బృందమా?

డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి వచ్చినవారూ, వారిని వెంటబెట్టుకొచ్చిన భార్యలూ, అన్నదమ్ములూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒక్కటే: ఇకమీదట ఏ మీటింగ్‌కు వెళితే మంచిది? మూడింటి మేళ్లూ, లోపాలూ చెబుతాను గానీ, తాగుడు మానాలనుకునేవారు మీటింగుల్లో కలుసుకుని ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) ఆసరాతోనే తాగుడు మానినవాణ్ని కనుక నా మొగ్గు ఏఏ వైపే ఉంటుందని ముందే చెప్పడం న్యాయం.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే తొలి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఆ దశను డాక్టరు పర్యవేక్షణలోనే దాటాలి. ఏ బృందమూ దానికి బదులు కాదు.

ఎంపికలో నేను అన్నిటికన్నా ముందు చూసేది, మీటింగ్ లేని వేళ ఫోన్ ఎత్తే మనిషి అక్కడ దొరుకుతాడా లేదా అన్నది. జీతం చేతికి వచ్చిన సాయంత్రం గానీ, పెళ్లి విందులో బావమరుదులు గ్లాసు అందించినప్పుడు గానీ, ఇంట్లో మాటా మాటా పెరిగిన రాత్రి గానీ పుట్టే కోరిక చాలాసార్లు అరగంటలోపే సద్దుమణుగుతుంది, కానీ ఆ అరగంటను ఒంటరిగా దాటడం మహా కష్టం. ఏఏ పుట్టింది కూడా ఇటువంటి ఘడియలోనే. 1935లో వ్యాపారం పనిమీద అమెరికాలోని ఏక్రన్ నగరానికి వెళ్లిన బిల్ విల్సన్, పని చెడిపోయి, హోటల్లోని బార్ వైపు మనసు లాగుతుండగా, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఎవరైనా దొరుకుతాడేమోనని చర్చిలకు వరసగా ఫోన్లు చేశాడు; ఆ వెతుకులాటలోనే, తనలాగే తాగుడుకు బానిసైన సర్జన్ బాబ్ స్మిత్‌ను కలుసుకున్నాడు. ఆ ఇద్దరూ కలిసే ఏఏను మొదలుపెట్టారు.

అటువంటి మనిషి ఊళ్లో జరిగే మీటింగ్‌లోనే సులువుగా దొరుకుతాడని నా నమ్మకం. బడి గదిలో పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న పదిహేను మందిలో ఆటో నడిపేవారూ, బ్యాంకు ఉద్యోగీ పక్కపక్కనే ఉంటారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు అడ్డు రాకుండా వింటారు. చందా డబ్బా తిరిగినప్పుడు ఇవ్వగలిగినవారు పది రూపాయలు వేస్తారు, లేనివారు పక్కవారికి అందిస్తారు. అసలు పరిచయాలు మాత్రం మీటింగ్ ముగిశాక, గేటు దగ్గర టీ తాగుతూ నిలబడినప్పుడు కలుస్తాయి. తెలిసినవారు చూస్తారేమోనని భయపడేవారు పక్క ఊరి మీటింగ్‌కు వెళ్లవచ్చు. అయినా అక్కడ కనిపించే తెలిసినవారు కూడా అదే పని మీద వచ్చి ఉంటారు. కొన్నిచోట్ల మీటింగ్ చర్చి ఆవరణలో జరుగుతుంది కనుక మతం మారుస్తారేమోనని కొందరు అడుగుతారు. ఏఏ ఏ మతానికీ చెందినది కాదు, గది మాత్రమే చర్చివారిది. ఏఏ సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లలో వచ్చే దేవుణ్ని ఎవరికి వారు తమకు అర్థమైనట్టు తలచుకోవచ్చు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, ఏఏ వైపు మళ్లించే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానినవారు 42 శాతమని, ఇతర చికిత్సలలో అది 35 శాతమని తేల్చింది.

ఆన్‌లైన్ మీటింగ్‌ను నేను తక్కువ చేయను. గల్ఫ్‌లో ఉన్నవారికీ, రాత్రి షిఫ్టు చేసేవారికీ అది వరం. మగవారితో నిండిన గదిలో నోరు విప్పలేని స్త్రీలకైతే స్త్రీల కోసమే జరిగే ఆన్‌లైన్ మీటింగ్ తొలి ఎంపికగా ఉండాలని చెబుతాను. అయితే కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, వంట చేసుకుంటూ వినేవారిని గురించి పట్టించుకునేవారు ఉండరు. వరసగా రెండు వారాలు రాకపోయినా ఎవరూ గమనించకపోవచ్చు. ఆ వెలితిని పూడ్చుకునే పట్టుదల మనకే ఉండాలి.

ఆసుపత్రి బృందంలో మందులు చూసే డాక్టరు దగ్గరే ఉంటారు, భార్యను కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు. తాగుడు మాన్పించే మాత్రను తాగేవారికి తెలియకుండా కూరలో కలిపి మాన్పించాలనే ఆలోచన ఎంత ప్రమాదమో ఇంటివారికి అక్కడే చెబుతారు. కానీ నెలకొకసారి జరిగే బృందం తొలి రోజులకు చాలదు; పైగా అందరూ కౌన్సెలర్ ముఖం చూస్తారే గానీ ఒకరినొకరు చూసుకోరు.

అయ్యప్ప మాల 41 రోజుల నియమం చాలామందిని నిలబెడుతుంది. మాల తీసే రోజుకు ముందే ఒక మీటింగ్‌లో చేరి ఉంటే ఆ మేలు నిలుస్తుంది. దేవుడి ప్రస్తావన వద్దనుకునే, ఇంగ్లీషు బాగా వచ్చినవారికి స్మార్ట్ రికవరీ అనే మరో సహాయ బృందం ఆన్‌లైన్‌లో ఉంది. తాగేవారి ఇంటివారి కోసం అల్-అనాన్ అనే బృందం వేరుగా ఉంది.

మీటింగ్ ఎక్కడుందో ఏఏ ఇండియా వెబ్‌సైట్లో చూడవచ్చు, చికిత్స చేసిన కౌన్సెలర్‌ను గానీ, ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ 14446ను గానీ అడగవచ్చు. తాగుడు సమస్య లేనివారు కూడా కూర్చోగల ఓపెన్ మీటింగ్‌కైతే భార్యో, అన్నో తోడు రావచ్చు. మొదటి రోజు మాట్లాడకపోయినా తప్పులేదు, కానీ టీ అయ్యేదాకా ఉండి ఇద్దరి నంబర్లు తీసుకోండి. మర్నాడు, తాగాలన్న కోరిక లేకపోయినా సరే, వారిలో ఒకరికి ఫోన్ చేసి ఊరికే రెండు మాటలు మాట్లాడండి. ఆ పరిచయం ముందే ఉంటే, అవసరం వచ్చిన రాత్రి ఫోన్ చేయడానికి మొహమాటం అడ్డురాదు.