మురికి పట్టేకొద్దీ మంచి వాక్యూమ్ చూపించే గేజి: నాలుగేళ్ల వాడకం తర్వాత

పిరానీ (వేడి తీగ ఎంత చల్లారుతుందో చూసి పీడనం చెప్పేది), పెన్నింగ్ (హై వోల్టేజి డిశ్చార్జి కరెంటును బట్టి ఇంకా తక్కువ పీడనం చెప్పేది) రెండూ ఒకే డబ్బాలో ఉండే వాక్యూమ్ గేజి ఇది. బరంపురంలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో, ఫ్యూజన్ పరిశోధన కోసం హైడ్రోజన్ ప్లాస్మా చేసే చిన్న ఛాంబర్ మీద నాలుగేళ్లుగా నడుస్తోంది. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనమన్నాను. ఒకటే కేబులు, ఎర్రగా కాలే ఫిలమెంటుతో కొలిచే హాట్ కాథోడ్ గేజిలోలా అది మాడిపోతుందన్న బెంగ లేదు. ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిజమే. కళ్లు మాత్రం మూసుకోవద్దు.

మురికి పట్టేకొద్దీ ఇది వాక్యూమ్ బాగుందని చెబుతుంది. నా కోపమంతా అక్కడే.

రెండో వానాకాలంలో డిస్‌ప్లే మీద 4×10⁻⁷ మిల్లీబార్ కనిపిస్తుంటే (అంకె ఎంత తగ్గితే వాక్యూమ్ అంత మంచిది), ప్లాస్మా వెలుగును విడదీసి చూపే స్పెక్ట్రోమీటర్‌లో 309 నానోమీటర్ల దగ్గర ఓహెచ్ పట్టీ (నీరు విరిగితే వచ్చే ఓహెచ్ వెలుగు) రోజురోజుకీ పెరిగింది. అంటే లోపల నీటి ఆవిరి ఉంది. దాని నుంచి విడిపడిన ఆక్సిజన్ ప్లాస్మా శక్తిని వెలుగుగా బయటికి పంపేసి చల్లబరుస్తుంది. పక్క పోర్టుకు హాట్ కాథోడ్ గేజి బిగించి చూస్తే 3×10⁻⁶. ఏడున్నర రెట్లు తేడా!

కారణం రోటరీ పంపు నూనె. దాని ఆవిరి వెనక్కి వచ్చి, గేజిలోని హై వోల్టేజి డిశ్చార్జిలో విరిగి, ఎలక్ట్రోడ్ల మీద పొరలా అంటుకుంటుంది. డిశ్చార్జి కరెంటు పడిపోతుంది. కరెంటును బట్టే పీడనం లెక్క కాబట్టి అంకె కూడా దిగిపోతుంది. విప్పితే లోపల చింతపండు రసం ఎండినట్టు గోధుమరంగు చార.

శుభ్రం చేయాలంటే ముందు కరెంటు తీసి కేబులు ఊడదీయాలి. ఛాంబర్‌ను డ్రై నైట్రోజన్‌తోనే నింపాలి. గోపాలపూర్ సముద్రపు తేమగాలి ఒక్కసారి లోపలికి పోయిందా, గోడలకు పట్టిన నీరు రోజుల తరబడి వదలదు. గేజిలో డిశ్చార్జి జరిగే అయోనైజేషన్ ఛాంబర్ భాగాలను సన్న ఎమరీతో లోహం మెరిసేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. డిశ్చార్జిని మొదలుపెట్టే ఇగ్నైటర్‌ను రుద్దితే మొనలు పోతాయి, కొత్తది వేయడమే మంచిది. తిరిగి బిగించేటప్పుడు యానోడ్ సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడాలి. పిరానీ తీగ జోలికి మాత్రం పోవద్దు.

హైడ్రోజన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు. గేజి అంకె గాలికి సరిపెట్టింది కాబట్టి, పెన్నింగ్ పరిధిలో దాన్ని 2.4తో గుణించాలి. పీడనం ఎక్కువుండే పిరానీ పరిధిలో, 1 మిల్లీబార్ లోపు, దాదాపు సగం చేయాలి. రెండూ కలిసే చోట ఏ గుణకాన్నీ నమ్మను. మా గేజి అవుట్‌పుట్ పీడనంలో పదిరెట్ల తేడాకు 0.6 వోల్టు చొప్పున మారుతుంది. గ్రౌండ్ లూపు (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తేడా) వల్ల 60 మిల్లీవోల్టులు కలిస్తే చాలు, పీడనం 26 శాతం తప్పు. రీడింగులు నమోదు చేసే లాగర్‌కు ఐసొలేటర్ పెట్టాక అది కుదిరింది. గేజిని ప్లాస్మా అయస్కాంత కాయిల్స్‌కు దగ్గరగా బిగిస్తే షాట్ (ఒక విడత ప్లాస్మా) నడిచేటప్పటి రీడింగును పక్కన పెట్టేయాల్సిందే.

నూనె లేని స్క్రోల్ పంపు ఉన్నవాళ్లకు ఈ కోపం అర్థం కాకపోవచ్చు, వాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. మాలా పాత రోటరీ పంపు, సముద్రం పక్క ఊరు అయితే ఫోర్‌లైన్ ట్రాప్ (పంపు నూనె ఆవిరిని దారిలోనే పట్టేసేది), ఒక స్పేర్ ఇగ్నైటర్ కూడా అదే ఆర్డర్లో వేయించుకోండి. మేము ఇప్పుడు ఆరు నెలలకోసారి విప్పుతున్నాం, వానలు మొదలయ్యే ముందు ఒకసారి తప్పనిసరిగా.