ఆదివారం పిల్లల బిస్కెట్ బల్ల: సరుకు మంచిదే, తూకం చూసి కొనండి

మహబూబ్‌నగర్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాలు ముందర ఆదివారం పొద్దున తొమ్మిదో, పదో తరగతి చదివే పిల్లలు బల్ల వేస్తున్నారు. హాలు వంటగదిలో ఓవెన్ ఉంది, రిటైరైన టీచరమ్మ నేర్పుతున్నారు. పెట్టుబడి కాలనీవాళ్ళు తలా కొంత వేశారు. చందా కాదు, అప్పు. పిల్లలే తీర్చాలి.

జొన్న బిస్కెట్ 200 గ్రాములు 60 రూపాయలు. రుచికి వంక పెట్టను. పచ్చజొన్న పిండి, అంతే గోధుమపిండి, బెల్లం, నెయ్యి, పైన నువ్వులు. మొదటివారం ఉత్త జొన్నపిండితో చేస్తే ట్రేలోంచి తీయగానే పొడిపొడి అయిందట. కాదా మరి, గోధుమకున్న జిగురు జొన్నకెక్కడిది? మా ఇంట్ల రొట్టెకు ఉడుకునీళ్ళు పోసి పిసికేది అందుకే. ఆ పొడిని పారేయకుండా పొట్లాలు కట్టి "పాలల్ల వేసుకొని తినుండ్రి" అని పది రూపాయలకు అమ్మేశారట. అక్కడ నాకు నచ్చారు. కప్‌కేక్ మాత్రం కొనకండి, పైన రంగు, లోపల పచ్చి.

ముప్పై ఏళ్ళు కిరాణం నడిపినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు. ఇంటికొచ్చి కాటా మీద పెడితే సరిగ్గా 200. కవరు, లోపలి అట్ట తీసేస్తే 188. తిరిగిపోయి చెప్పాను. గల్లా దగ్గరున్న పిల్ల ముఖం చిన్నబోయింది.

"కవర్‌తోని కలిపి తూచినం తాతా."

"కొనేటోడు కవరు తినడు బిడ్డా."

మారుమాట లేదు. బల్ల మీదున్న 14 ప్యాకెట్లూ విప్పి, ఖాళీ కవరు పెట్టి కాటా సున్నా చేసి మళ్ళీ తూచింది. నాకు రావాల్సిన బిస్కెట్ చేతిలో పెట్టింది.

లేబుల్ మీద తేదీ, పచ్చచుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు అన్నీ ఉన్నాయి. లెక్కల బుక్కే తేడా. ప్యాకెట్‌కు 41 ఖర్చు, 19 మిగులు అని రాశారు. కూలి ఏదని అడిగితే నవ్వారు. ఆరుగురు నాలుగు గంటలు నిలబడి 40 ప్యాకెట్లు చేస్తే మిగిలేది 760. మనిషికి గంటకు 32 కూడా రాదు. అందులోంచే అప్పూ తీర్చాలి. "నేర్చుకునే పిల్లలకు కూలేంటండీ" అన్నారు టీచరమ్మ. నాకైతే ఒప్పలేదు. పాలమూరు పిల్లలకు కూలి లెక్క చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాం?

బుక్కులో వెనక నాలుగు పేజీలు ఉద్దెర ఖాతా. అన్నీ కాలనీ పెద్దల పేర్లే. పిల్లలు అడగలేరని ధైర్యం!

తొమ్మిదిన్నరకు పెడితే పదకొండుకల్లా జొన్న బిస్కెట్ అయిపోతుంది. చిల్లర తెచ్చుకోండి. మా పక్కింటాయన ఉద్దెర 120 నేనే కట్టి వచ్చాను. ఇది చదివితే ఆయన నాకిస్తే చాలు.