బర్డ్స్ హిట్సా, సైమన్–గార్ఫంకెల్ హిట్సా: ఏది మేలు?

ఫోక్ రాక్, అంటే జానపద పాటకు రాక్ వాద్యాలు తోడైన సంగీతం, రుచి చూడాలనుంది, ఒక్క రికార్డు చెప్పమని ఎవరైనా అడిగితే నా నోటికి రెండు పేర్లు వస్తాయి. 1967 ఆగస్టులో వచ్చిన ‘ది బర్డ్స్ గ్రేటెస్ట్ హిట్స్’ ఒకటి, 1972 జూన్‌లో వచ్చిన ‘సైమన్ అండ్ గార్ఫంకెల్స్ గ్రేటెస్ట్ హిట్స్’ ఇంకొకటి. బర్డ్స్ ఒక అమెరికన్ రాక్ బ్యాండ్, సైమన్, గార్ఫంకెల్ ఒక గాయక జంట. రెండు రికార్డులూ కొలంబియా కంపెనీవే. అమ్మకాలే కొలమానమైతే పోటీ లేదు. రెండోదానికి అమెరికాలో 14 సార్లు ప్లాటినం గుర్తింపు దక్కింది, అంటే 1.4 కోట్ల కాపీల లెక్క. బర్డ్స్ రికార్డు ఒక్క ప్లాటినంతో సరిపెట్టుకుంది. అయినా నా ఓటు బర్డ్స్‌కే.

ముందు ఆ రికార్డు కూర్పు చూడండి. 11 పాటలు, కాస్త అటూఇటూగా అరగంట. మొదటి వైపున్న ఆరూ 1965లో బయటికొచ్చినవి. రికార్డు తిప్పితే వచ్చే ఐదూ 1966, 67 నాటివి. కంపెనీ కావాలని చేసిందో, అలా కుదిరిందో గానీ, ఒక బ్యాండ్ ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలిందో ఆ రెండు వైపులే చెప్పేస్తాయి. సూది మళ్లీ పెట్టగానే ‘ఎయిట్ మైల్స్ హై’ మొదలవుతుంది. అప్పటిదాకా ముగ్గురి గొంతులు కలిసి తీయగా సాగిన పాట, ఒక్కసారిగా తాడు తెంచుకున్న గాలిపటంలా ఎటో కొట్టుకుపోతుంది. జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాయింపు తీరుని, రవిశంకర్ సితార్ విని పట్టుకున్న ధోరణిని బ్యాండ్ గిటారిస్టు రోజర్ మెగ్విన్ అక్కడ గిటారు మీదికి తెచ్చారు. నిజానికి పాట పుట్టింది లండన్ విమాన ప్రయాణంలోంచి. మాదకద్రవ్యాల గురించేనని అనుమానించి అమెరికాలో చాలా రేడియో స్టేషన్లు పక్కన పెట్టేశాయి, అది హిట్ పాటల పట్టికలో 14వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అంతగా హిట్ కాని పాట హిట్స్ రికార్డులో గుండెకాయ అయి కూర్చుంది.

మొదటి వైపు అందం మెగ్విన్ చేతిలోని 12 తీగల రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటారుది. తీగలు ఆరు జతలుగా ఉంటాయి. మంద్రంగా పలికే నాలుగు జతల్లో ఒక తీగ పక్కదానికంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. దానికి బాంజో మీద అలవాటైన వేళ్ల పనితనం తోడైంది. ఆ పైన, స్టూడియోలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ ఒకటి తగిలించారు. మామూలు గిటారు మీద చటుక్కున ఆరిపోయే నాదం ఇక్కడ గంట మోగినట్టు సాగుతూ ఉంటుంది. ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’ వింటే తెలుస్తుంది. వేల్స్ బొగ్గుగని కార్మికుల కష్టాల మీద ఇడ్రిస్ డేవిస్ రాసిన కవితకు అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్ బాణీ కట్టిన పాట అది. కవితలో ఉన్నవి ఊళ్ల గంటలు, మెగ్విన్ వాటిని నిజంగానే మోగించారు. ‘టర్న్! టర్న్! టర్న్!’కు కూడా బాణీ సీగర్‌దే, మాటలు మాత్రం దాదాపు అన్నీ బైబిల్‌లోని ప్రసంగి గ్రంథానివి. అన్ని వందల ఏళ్ల నాటి మాటలు 1965 డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానంలో మూడు వారాలున్నాయి. జానపదానికి కరెంటు తగిలించడం అంటే ఏమిటో అడిగినవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక సైమన్, గార్ఫంకెల్‌ల సంగతి. వాళ్లు బ్యాండ్ కాదు, ఇద్దరే. పైగా వాళ్ల మొదటి పెద్ద హిట్‌లో బర్డ్స్‌కు కొంత వాటా ఉంది. ‘ది సౌండ్ ఆఫ్ సైలెన్స్’ 1964లో వట్టి గిటారుతో వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఇద్దరూ ఎవరి దారి వారు చూసుకున్నారు. 1965 వేసవిలో బర్డ్స్ ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’ మారుమోగుతుంటే, నిర్మాత టామ్ విల్సన్ ఈ పాత పాట మీద ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ ఎక్కించి మళ్లీ వదిలారు. పాల్ సైమన్ అప్పుడు యూరప్‌లో ఉన్నారు, తన పాటకు ఈ అలంకారం జరుగుతోందని ఆయనకు తెలియదు. 1966 జనవరి వచ్చేసరికి పాట మొదటి స్థానంలో ఉంది.

బంధుత్వం అక్కడితో ఆగలేదు. ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’లో బర్డ్స్ ఐదుగురిలో వాద్యం పట్టింది మెగ్విన్ ఒక్కరే. మిగతాదంతా స్టూడియో కళాకారులదే. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ ల్యారీ నెక్టెల్. అదే నెక్టెల్ తర్వాత ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’కు పియానో వాయించారు, డ్రమ్స్ మళ్లీ బ్లెయినే. రెండు రికార్డుల్నీ పక్కపక్కన పెట్టి వినేవాళ్లకు ఇదో చిన్న సరదా.

పాట వెంట పాట తూచితే సైమన్ పక్షానికే మొగ్గు, ఒప్పుకుంటాను. ‘ది బాక్సర్’, ‘అమెరికా’, ‘బ్రిడ్జ్’ లాంటివి రాసినవాడి ముందు, 11 పాటల్లో నాలుగు గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ దగ్గర అరువు తెచ్చుకున్న బ్యాండ్ ఎలా నిలుస్తుంది? సైమన్, గార్ఫంకెల్‌ల రికార్డులో జానపదం పరిధి కూడా పెద్దది. ఇంగ్లండ్ పాత పాట ‘స్కార్బరో ఫెయిర్’ ఒక పక్క, పెరూ స్వరకర్త డానియెల్ అలొమియా రోబ్లెస్ బాణీ మీద ‘ఎల్ కాండర్ పాసా’ ఇంకో పక్క.

కానీ కూర్పు దగ్గర నాకు పేచీ ఉంది. ఇద్దరూ 1970లోనే విడిపోయారు, ఖాతా మూసేశాక తీరిగ్గా ఏరి కూర్చిన రికార్డు ఇది. అందుకే ఏ ఏడాది పాట ఎక్కడుందో చూసుకోలేదు. 1968 నాటి ‘మిసెస్ రాబిన్సన్’తో మొదలై, వాళ్లకు తలుపు తెరిచిన ‘సౌండ్ ఆఫ్ సైలెన్స్’ ఐదో పాటగా వస్తుంది. 14 పాటల్లో నాలుగు కచేరీ రికార్డింగులు. అందులో ‘ఫర్ ఎమిలీ’ అద్భుతం, గార్ఫంకెల్ గొంతు అంత ఎత్తుకు పోవడం చెవులతో వినాల్సిందే. మరి ‘హోమ్‌వర్డ్ బౌండ్’? జనం రేడియోలో విని కొనుక్కున్న స్టూడియో పాట వదిలేసి కచేరీ పాట ఇస్తే, దాన్ని హిట్స్ అని ఎలా అంటాం? ‘ఎ హేజీ షేడ్ ఆఫ్ వింటర్’ అయితే అసలు లేనే లేదు.

బర్డ్స్ రికార్డు మీదా ఫిర్యాదు లేకపోలేదు. తొలి రోజుల్లో బ్యాండ్‌కు ఎక్కువ పాటలు రాసినవారు జీన్ క్లార్క్. ఈ రికార్డులో చూస్తే ‘ఐ’ల్ ఫీల్ ఎ హోల్ లాట్ బెటర్’ ఒక్కటే పూర్తిగా ఆయనది, ‘ఎయిట్ మైల్స్ హై’లో ఒక వాటా. సొంతింట్లో చుట్టంలా నిలబడ్డారు పాపం. 1999 సీడీలో చివర మూడు పాటలు కలిపి, ‘సెట్ యూ ఫ్రీ దిస్ టైమ్’తో కొంత బాకీ తీర్చారు. ఆయన మీద ఎంత అభిమానమున్నా నేను పదకొండో పాట దగ్గరే ఆపేస్తాను. ‘మై బ్యాక్ పేజెస్’ తర్వాత ఇంకేం వినిపించినా అతికించినట్టే ఉంటుంది.

అక్కడే ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ రికార్డు వచ్చేసరికి క్లార్క్ వెళ్లిపోయి ఏడాది దాటింది. రెండు నెలలు తిరిగేసరికి బ్యాండ్‌లోని ఇంకో సభ్యుడు డేవిడ్ క్రాస్బీని పంపించేశారు. 1968లో బ్యాండ్ కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం బాట పట్టింది. నాలుగు డబ్బుల కోసం కంపెనీ వేసిన రికార్డు, ఎవరూ అనుకోకుండా, తొలి బర్డ్స్ కథను సరిగ్గా అయిపోయిన చోట ముగించింది.

మూల ఆల్బమ్‌లే వినొచ్చు కదా అంటారు. సైమన్, గార్ఫంకెల్‌ల విషయంలో నేనూ అదే చెబుతాను: వాళ్ల ‘బుకెండ్స్’ ఆల్బమ్ ఉండగా హిట్స్‌తో పని తక్కువ. బర్డ్స్ తొలి నాలుగు ఆల్బమ్‌లలో మాత్రం మంచి పాటల పక్కనే నింపుడు సరుకూ ఉంది, ముందు ఈ 11 పాటలు విని అటు వెళ్లడమే సుఖం. ఫోన్‌లో వినేవాళ్లు షఫుల్ ఆపేసుకోండి. ‘చైమ్స్ ఆఫ్ ఫ్రీడమ్’ అయ్యాక రికార్డు తిప్పేంత సేపు ఊరుకుని, అప్పుడు ‘ఎయిట్ మైల్స్ హై’ పెట్టండి.