టెక్కలి గ్రానైట్‌కి సుత్తి పరీక్షా, అల్ట్రాసోనిక్ పరీక్షా?

టెక్కలి వైపు క్వారీల్లో నీలి గ్రానైట్ బ్లాకు కొనేముందు సుత్తితో కొట్టి వింటే ఖర్చేమీ లేదు. ఖంగుమంటే గట్టి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. పెద్ద పగులును చెవి ఇట్టే పట్టేస్తుంది. వెంట్రుకంత సన్నవి మాత్రం దొరకవు. పాలిష్ చేశాక పలక విరిగేది ఎక్కువగా వాటివల్లే.

అల్ట్రాసోనిక్ మీటర్ ఒక వైపు నుంచి చెవికి వినపడని ధ్వని తరంగం పంపి, అవతలికి చేరే టైమ్ చూపిస్తుంది. మంచి గ్రానైట్‌లో పి-తరంగం (రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగేది) వేగం సెకనుకు సుమారు 5.5 కిలోమీటర్లు, అంటే మీటరు మందానికి 180 మైక్రోసెకన్లు. పగుళ్ల వల్ల వేగం 3.5కి పడిపోతే అదే మీటరుకు 285 పడుతుంది. ఆ తేడాను ఏ చెవీ పట్టలేదు.

భూమి లోతులో ఒత్తిడికి ఈ పగుళ్లు మూసుకుని ఉంటాయి. రాయిని బయటికి తీస్తే ఒత్తిడి పోయి తెరుచుకుంటాయి. ఒకే దిక్కున నొక్కితే దానికి అడ్డంగా ఉన్న పగుళ్లే ముందు మూసుకుంటాయి, ఆ దిక్కున తరంగం వేగం పుంజుకుంటుంది. అంటే పగుళ్లు ఏ దిక్కుకు అడ్డంగా ఉంటే ఆ దిక్కునే వేగం ఎక్కువ తగ్గుతుంది, ఒక్క వైపే కొలిస్తే అవి దొరక్కపోవచ్చు. కాబట్టి మూడు దిక్కులా కొలిపించండి.

ఒక్క జాగ్రత్త. వైర్‌సా (రాయి కోసే తీగ రంపం) నీళ్లకో వానకో తడిసిన బ్లాకుని కొలవొద్దు. పగుళ్లలో నీరు నిండితే పి-తరంగం వేగం పెరిగి, చెడ్డ రాయి కూడా మంచిదిలా కనిపిస్తుంది. ఎస్-తరంగం (రాయిని పక్కలకు ఊపుతూ సాగేది) నీటిలో నడవదు, అది అంతగా మోసపోదు.

నా మటుకు సుత్తితో ఏరి, మిగిలినవాటికి మీటర్ పెట్టిస్తాను.