1858 ఫొరేజ్ క్యాప్ నకలు: బట్టకి పూర్తి మార్కులు, తోలు అంచుకి సగమే

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి సిపాయి టోపీ అనగానే అందరూ కెపీ అనేస్తారు, అమ్మేవాళ్లూ ఆ పేరుతోనే అమ్ముతారు. నేను కొన్నది మాత్రం 1858 నమూనా ఫొరేజ్ క్యాప్‌కి నకలు, ఉత్తరాది సైన్యంలో మామూలు సిపాయికి ఇచ్చిన ముదురు నీలం టోపీ. రెండూ ఒకటి కాదు. కెపీ ఫ్రెంచివాళ్లది. అల్జీరియా ఎండల్లో షాకో అనే ఎత్తైన బిగుసు టోపీ పెట్టుకుని తిరగలేక తేలికైనది కుట్టించుకున్నారు, కెపీ దాన్నుంచి వచ్చిందే. అది పొట్టిగా, బిగువుగా ఉంటుంది. ఫొరేజ్ క్యాప్ ఇంకా ఎత్తు, మెత్తన, పైన గుండ్రటి అట్ట ఉన్న భాగం ముందుకి వాలిపోతుంది. ఏ నకలు చేతికొచ్చినా నేను మొదట చూసేది ఆ వాలునే.

ఇందులో అది చక్కగా కుదిరింది. పెట్టెలోంచి తీసి తలకి పెట్టుకోగానే పైభాగం నుదుటివైపు ఒరిగింది, పాత ఫొటోల్లో కనిపించినట్టే. ఇంతకుముందు వేరేచోట చవగ్గా వస్తోందని ఒకటి కొన్నాను, దాని లోపల గట్టి గుడ్డ అంటించేశారు, డబ్బాలా నిటారుగా నిలబడేది, ఒక్కసారి పెట్టుకుని పక్కన పడేశాను.

బట్ట అసలైన ఉన్ని, నేత కనపడనంత దట్టంగా ఉంది, రంగు మరీ నలుపుకి పోకుండా నీలంగానే ఉంది. లోపల మెరుపున్న నల్ల నూలు లైనింగ్, నుదుటికి తగిలే చోట పల్చటి తోలు పట్టీ, ఆ పట్టీకి చేతికుట్లు వేశారు. గడ్డం పట్టీ రెండు ముక్కలుగా, మధ్యలో ఇత్తడి బకిల్‌తో ఉంది, పక్కల చిన్న గద్ద గుండీలు గట్టిగా కుట్టారు. వీటిలో వంక పెట్టడానికేమీ లేదు.

కళ్లకి నీడనిచ్చే ముందువైపు తోలు అంచు దగ్గరే మనసు చివుక్కుమంది. అప్పటి అంచు పల్చగా, దాదాపు చదునుగా ఉండేది, దీనిదేమో మందంగా, కిందకి వంగి, ప్లాస్టిక్‌లా మెరుస్తోంది. ముందునుంచి చూస్తే కంటికి మొదట తగిలేది అదే కదా, అంత మంచి బట్ట తెచ్చినవాళ్లు దీన్నెందుకు వదిలేశారో అర్థం కాలేదు.

జూలైలో ఒక రోజంతా ఎండలో పెట్టుకుని తిరిగాను, చెవులూ మెడా మాడిపోయాయి. అది ఈ నకలు తప్పు కాదు, ఆ రోజుల్లో సిపాయిలు కూడా ఇదే మొత్తుకున్నారు. యుద్ధం మొదట్లో మెడ మీదకి దిగే తెల్లగుడ్డ ముసుగులు ఆడవాళ్లు కుట్టి పంపేవారు, వాటిని హావ్‌లాక్ అనేవారు, 1857లో లక్నోలో చనిపోయిన బ్రిటిష్ జనరల్ హెన్రీ హావ్‌లాక్ పేరు మీద. సిపాయిలకి అవి నచ్చలేదు, కాఫీ వడగట్టుకోవడానికీ తుపాకులు తుడుచుకోవడానికీ వాడేసుకున్నారు. వెడల్పు అంచు టోపీ దొరికితే చాలామంది దానికే మారిపోయారు.

ఈ టోపీతోపాటు ఇత్తడి బూర గుర్తు కూడా వచ్చింది, కాల్బలానిది. అది సరే. కానీ సిపాయి ఏ దళంవాడో తెలిపే, టోపీ పైన కుట్టుకునే రంగు గుడ్డ గుర్తులు కూడా కొనమంటారు అమ్మేవాళ్లు, కాస్త ఆగండి. వాటిని ఉత్తరాది జనరల్ హుకర్ తన సైన్యంలో 1863లో తెచ్చాడు, మొదటి డివిజన్‌కి ఎరుపు, రెండోదానికి తెలుపు, మూడోదానికి నీలం. మీరు 1862 నాటి సిపాయిగా వేషం కడితే అవి ఉండకూడదు.

సైజు మాత్రం తలని టేపుతో కొలిచాకే చెప్పండి, తోలు పట్టీ మొదట్లో కాస్త బిగుతుగానే ఉంటుంది. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికైతే ఉన్నది ఉన్నట్టు కొనేయొచ్చు. పాత ఫొటో పక్కన పెట్టి పోల్చి చూసుకునే నాలాంటివాళ్లకి అంచు మార్పించే ఖర్చు అదనం. నేను దాన్ని విప్పించి పల్చటి తోలు వేయించడానికి ఇచ్చాను, తిరిగొచ్చాక ఎలా ఉందో రాస్తాను.