కోత వయసు రాసి అమ్మే నిమ్మగడ్డి నూనె

రావులపాలెం దాటి కోనసీమలోకి వెళ్లే దారిలో, కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసిన నిమ్మగడ్డికి ఆవిరి పట్టి నూనె తీసే చిన్న యూనిట్ ఒకటి ఉంది. అక్కడ అమ్మే ప్రతి సీసా మీదా గడ్డిని ఎన్ని రోజులకు కోశారో రాసి ఉంటుంది. ఈ నూనె కొనేవారికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదని నా అభిప్రాయం.

నిమ్మగడ్డి వాసనకు మూలం దాని నూనెలో ఉండే సిట్రాల్ అనే పదార్థం. మేలైన నూనెలో అది 75 శాతానికి తగ్గదు. అయితే ఆకు వయసుతో దాని శాతం మారుతుంది. ఆకు వేగంగా ఎదిగే లేత దశలోనే నూనె చురుగ్గా తయారవుతుంది గానీ, అప్పుడు అందులో జెరానైల్ అసిటేట్, జెరానియాల్ అనే వేరే వాసన పదార్థాలు కూడా చెప్పుకోదగినంత ఉంటాయి; ఆకు ఎదిగేకొద్దీ అసిటేట్ విడిపోయి జెరానియాల్‌గా, జెరానియాల్ ఆక్సీకరణ చెంది సిట్రాల్‌గా మారుతాయి. ఆకు ముదిరి కొసలు ఎండే వేళకు అంతే బరువు గడ్డికి తక్కువ నూనె దిగుతుంది.

నేను కొన్న సీసాల్లో ఈ తేడా స్పష్టంగా తెలిసింది. 40 రోజుల కోత నూనెను కాగితపు ముక్క మీద ఒక చుక్క వేసి చూస్తే, నిమ్మ ఘాటు కింద గులాబీని తలపించే మెత్తదనం తగిలింది. అది జెరానియాల్ గుణం. 65 రోజుల కోతలో ఆ మెత్తదనం తగ్గి, నిమ్మతొక్కను గిల్లినంత సూటి వాసన వచ్చింది. సబ్బుల తయారీకి రెండోదాన్నే ఎంచుకుంటాను. వానల వల్ల కోత ఆలస్యమైన మూడో సీసాలో పచ్చగడ్డి వాసనే ముందుకు వచ్చింది, దాన్ని అదే ధరకు అమ్మడం సరికాదు.

లేతదే మేలనో, ముదురుదే మేలనో అన్ని మొక్కలకూ ఒకే సూత్రం వర్తించదు. పెప్పర్‌మింట్ పుదీనాలో లేత ఆకుల్లో మెంథోన్ అనే పదార్థం ఎక్కువ, ఆకు ముదిరాక అది మెంథాల్‌గా మారుతుంది కాబట్టి, మెంథాల్ కావాలనుకునేవారు ఆగి కోయాల్సిందే.

నూనెను తెల్లటి ప్లాస్టిక్ సీసాల్లో పోయడం ఈ యూనిట్‌లో పెద్ద లోపం. వెలుతురుకు, గాలికి సిట్రాల్ త్వరగా చెడిపోతుంది కనుక ముదురు గోధుమ రంగు గాజు సీసాలు వాడాలి. సిట్రాల్ శాతాన్ని ప్రయోగశాలలో కొలిపించి, కోత వయసు పక్కనే రాస్తే ఇంకొంచెం ధర ఇవ్వడానికి కూడా నేను వెనుకాడను.