ఇరవై ఏళ్లు బండి నడిపాక మళ్లీ క్లాసు: ట్రాకా, మట్టా, గ్రౌండా?

"ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు." స్ప్లెండర్ మీద నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. మన ఇళ్లలో చాలామందికి ఇదే తొలి పాఠం అయ్యుంటుంది. ఆ మాట పట్టుకునే హైదరాబాద్ ట్రాఫిక్‌లో, శ్రీశైలం ఘాట్‌లో, మారేడుమిల్లి అడవి దారిలో ఇరవై రెండేళ్లు నడిపాను. పోయినేడు షాద్‌నగర్ దాటాక రోడ్డుకి అడ్డంగా గేదె వచ్చింది. వెనక బ్రేకు గట్టిగా తొక్కాను. టైరు కీచుమని పక్కకి జారింది. గేదె కదిలింది కాబట్టి బతికిపోయాను.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీకి మించిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. నా బండికీ ఉంది, కానీ ముందు చక్రానికే. నేను ఎన్నడూ వాడని బ్రేకుకి అన్నమాట. అడ్వాన్స్‌డ్ క్లాసు తీసుకోవాలని ఆ రాత్రే అనుకున్నాను. నా ముందు మూడు దారులున్నాయి.

మొదటిది రేసింగ్ ట్రాక్. అలాంటిది ఒకటి చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది, చుట్టూ 3.7 కిలోమీటర్లు. 1980లో కీత్ కోడ్ అమెరికాలో మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ క్లాసులు కూడా అక్కడ జరిగాయి. ఎదురుగా లారీ రాదు, ఇసుక ఉండదు. ఒకే మలుపు రోజంతా తిరగొచ్చు కాబట్టి చూపు ఎక్కడ పెట్టాలో, యాక్సిలరేటర్ ఎప్పుడు తిప్పాలో ఒంటికి పడుతుంది. ఈగలపెంట దాటాక పాతాళగంగ వైపు దిగేటప్పుడు ఎదురొచ్చే ఆర్టీసీ బస్సునే చూస్తూ ఉండిపోతే బండి కూడా అటే పోతుంది. ఆ జబ్బుకి ట్రాక్‌ని మించిన మందు లేదు. కానీ ఆ స్కూల్ మొదటి లెవెల్లో బ్రేకులు వాడకుండా నడపమనే డ్రిల్స్ ఉంటాయి. మలుపుకి సరైన వేగం ముందే అంచనా వేయడం నేర్పడానికి అది మంచి పద్ధతే. నా సమస్య మాత్రం అది కాదు. పైగా లెదర్ సూటు, ప్రయాణం, ఫీజు కలిపితే జేబుకి చాలా బరువు.

రెండోది మట్టి, అంటే రోడ్డు లేని చోట నడపడం. 2015లో ఎడారుల మీదుగా సాగే డకార్ ర్యాలీని బైకు మీద పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కోలార్ దగ్గర ఇందుకోసమే పార్క్ పెట్టారు. కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్స్ మీద నిలబడి నడపడం, వెనక చక్రం జారినా కంగారు పడకపోవడం అక్కడ వస్తాయి. పడినా తక్కువ వేగంలోనే పడతాం. తవ్వి వదిలేసిన రోడ్లు, వానకి కొట్టుకొచ్చిన కంకర మనకి కొత్త కాదు కాబట్టి ఈ చదువు రోజూ పనికొస్తుంది.

మూడోది ఊరి శివార్లలో ఖాళీ గ్రౌండు, నాలుగు కోన్లు, ఒక కోచ్, మన సొంత బండి. చూడ్డానికి ఏమీ ఉండదు. నేను దీన్నే ఎంచుకున్నాను.

కోచ్ ముందుగా నా అలవాటు ప్రకారమే ఆపమన్నాడు. యాభై వేగంలో వచ్చి, కోన్ దగ్గర బ్రేకు వేశాను. ఆగిన చోటికి అంగలు వేసుకుంటూ లెక్కపెట్టాం, ముప్పై మూడు. అప్పుడు నా రెండు వేళ్లు ముందు బ్రేకు మీద పెట్టించి, "ఒక్కసారిగా లాగకండి, నిమ్మకాయ పిండినట్టు పిండండి" అన్నాడు. మొదట మెల్లగా పిండితే ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు, కిందికి దిగుతాయి, బరువంతా ముందు టైరు మీదకి వస్తుంది. అప్పుడు ఇంకాస్త గట్టిగా పిండినా టైరు రోడ్డుని పట్టుకునే ఉంటుంది. నాన్న భయం అబద్ధం కాదు, ఏబీఎస్ లేని బండి మీద బరువు రాకముందే లాగేస్తే ముందు చక్రం నిజంగానే జారుతుంది. మొదటి పది సార్లు చేతులు వణికాయి. సాయంత్రానికి అదే కోన్, అదే వేగం, పంతొమ్మిది అంగలు. మిగిలిన ఆ పద్నాలుగు అంగల నేల మీద నడుచుకుంటూ వెనక్కి వస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అందుకే ఎంత అనుభవం ఉన్నా, మొదట గ్రౌండు క్లాసుకే వెళ్లమంటాను. తర్వాత మట్టి. ట్రాక్ చివర. ఒకవేళ మీ బ్రేకింగ్ బాగుండి, ఘాట్ మలుపుల్లో మాటిమాటికీ లైను దాటుతుంటే మాత్రం ముందు ట్రాక్‌కే వెళ్లండి.

బుక్ చేసేముందు ఒక కోచ్‌కి ఎంతమందో అడగండి. దీనికంటే ముందు నేను డబ్బు కట్టిన ఒక "ట్రైనింగ్"లో పన్నెండు బండ్లు వరసగా అనంతగిరి వెళ్లి ఫొటోలు దిగి వచ్చాయి, నేను బ్రేకు ఎలా వేస్తున్నానో ఒక్కరూ చూడలేదు. నలుగురికి మించితే వద్దనుకోండి. సొంత బండి మీద నేర్పుతారా, అదే డ్రిల్ ఎన్నిసార్లు చేయిస్తారు అన్నది కూడా ఫోన్లోనే తేల్చుకోండి.